మహాత్ముని లేఖకుడు మహాదేవ దేశాయి

గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, సరిగా ఇరువదియైదేండ్లే ఒక్క కొలువును నమ్మి, ఆ కొలువులోనే కన్నుమూసిన యొక లేఖకుని స్మరించుకొనుట సముచితము. అది రాజకొలువు కాదు. జీతమునకై చేసిన కొలువును కాదు. 1917 మొదలు 1942 వరకు మహాత్మాగాంధికి కార్యదర్శిగా నుండిన మహాదేవ దేశాయి జీవితమే ఆ కథ.

దేశచరిత్రలో నాయకుల పేళ్లు పెద్ద యక్షరములతో వ్రాయబడును. ఆ నాయకుల మాటను కాగితముపై పెట్టినవారు, వారికి వచ్చిన జాబును ముందుగా విప్పి చదివినవారు, వారు నిద్రించిన పిమ్మటను దీపము ముందు మేల్కొని యుండినవారు సామాన్యముగా కానరారు. వారు లేనియెడల నాయకుల మాట వారి కంఠముతోనే అంతరించి యుండెడిది.

ఈ పనికి మన తెలుగుదేశమున పూర్వమునుండియు ఒక పేరు కలదు. ప్రభువు నోటిమాటను పత్రముగా వ్రాయుట 'రాయసము'. ఆ పని చేసినవారి వంశములకు అదియే యింటిపేరుగా నిలిచినది. శ్రీకృష్ణదేవరాయల కాలమున రాయసము కొండమరుసయ్య ప్రసిద్ధుడు. అతడు వ్రాతపనితో నాగక ఉదయగిరి రాజ్యపాలనమునే వహించెను. ప్రభువునకు దగ్గరగా నుండువానికి అధికారము తనంతట తానే వచ్చి చేరుట లోకరీతి. ద్వారము కడ నిలుచువానిని ముందుగా మెప్పించినగాని లోపలికి పోలేమని జనులు తలంతురు. మహాదేవ దేశాయి విషయమున ఆ లోకరీతి తలక్రిందులైనది.

భారతరచనకు పూనుకొన్న వ్యాసునకు విఘ్నేశ్వరుడు లేఖకుడైన కథ మన యిండ్లలో అందరును ఎరిగినదే. తన గంటము ఆగరాదని లేఖకుడు నియమము పెట్టెను. అర్థము తెలియక ఒక్క యక్షరమును వ్రాయరాదని కవి మారునియమము పెట్టెను. చేతివేగము ఒక్కటియే లేఖకునకు చాలదనియు, చెప్పువాని మనస్సును గ్రహింపగల స్వంతబుద్ధి యుండవలెననియు ఆ కథ తాత్పర్యము. మహాదేవభాయి చరిత్రను ఈ రెండు నియమములతో కొలిచి చూడవలెను.

బాల్యము, విద్య

మహాదేవభాయి 1892వ సంవత్సరము జనవరి 1వ తేదీన గుజరాతుదేశమందు సూరతు జిల్లాలోని సరస్ అను గ్రామమున జన్మించెను. తండ్రి హరిభాయి బడిపంతులు. తల్లి జమ్నాబెన్ కుమారుని ఏడవయేటనే గతించెను. ఆనాటి యాచారమును బట్టి 1905లో, పదుమూడేండ్ల ప్రాయమున, దుర్గాబెన్‌తో వివాహము జరిగెను. సూరతులో ఉన్నతపాఠశాల చదువు ముగించి, బొంబాయిలోని ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చేరి 1910లో బి.ఏ. పట్టమును, 1913లో న్యాయశాస్త్ర పట్టమును పొందెను.

వకీలు వృత్తిలో అతడు నిలువలేదు. పిదప సహకార బ్యాంకులో ఇన్‌స్పెక్టరుగా చేరి, పల్లెలు తిరిగి పరపతి సంఘముల లెక్కలు తనిఖీ చేయు పనిలో నుండెను. రైతు అప్పు ఎట్లు పెరుగునో, చిట్టాలో వ్రాసినదానికిని యింటిలో నున్నదానికిని ఎంత యంతరముండునో అతడు పుస్తకములలో చదువుటయే కాక కన్నులార చూచెను. గుజరాతీ, సంస్కృతము, హిందీ, మరాఠీ, వంగభాష, ఆంగ్లము అతనికి స్వాధీనములు. రవీంద్రుని రచనలను, శరచ్చంద్రుని కథలను గుజరాతీలోకి తెచ్చిన అనువాదకుడతడు. సత్యవిషయమున మనుష్యుడు ఎంతవరకు రాజీపడవచ్చునని చర్చించిన జాన్ మోర్లే యను ఆంగ్లేయుని గ్రంథమును అనువదించి ఫోర్బ్స్ గుజరాతీ సభవారి బహుమానమును పొందెను. ఆ చర్చ అనువాదముతో ముగియలేదు. తరువాత అతని జీవితముననే అది ప్రత్యక్షమైనది.

విమర్శతో మొదలైన పరిచయము

మహాత్ముడు 1915 జనవరిలో దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు తిరిగివచ్చి, ఆ సంవత్సరముననే అహమ్మదాబాదు చెంత ఆశ్రమమును స్థాపించెను. ఆశ్రమ నియమావళిని చిత్తుగా వ్రాయించి, దానిపై అభిప్రాయములు తెలుపుడని పెద్దలకు పంపెను. ఆ నియమావళిని చదివి మహాదేవభాయియు, అతని ప్రాణస్నేహితుడు నరహరి పరీఖును తమకు తోచిన ఆక్షేపణలను జాబుగా వ్రాసి పంపిరి. పిదప గాంధీజీని స్వయముగా కలిసికొనగా, ఆయన యా యువకుల ఆక్షేపణలను ఒక్కొక్కటిగా తీసికొని చర్చించెను. తిరిగి వచ్చునప్పటికి మహాదేవభాయి మనస్సు ఆయన కడనే నిలిచిపోయినది.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. సేవకుడు కాబోవువాడు మొదట విమర్శకుడుగా వచ్చెను. స్తోత్రము చేసి కొలువు సంపాదించినవారు కోకొల్లలు. తప్పు చూపి కొలువు పొందినవాడు అరుదు. పొగడువానికంటె ప్రశ్నించువాడే తన మాటను సరిగా వ్రాయగలడని మహాత్ముడు గ్రహించి యుండవలెను. 1917 ఆగస్టు నెలాఖరున తనతో వచ్చి యుండుమని ఆయనయే పిలిచెను. ఆ సంవత్సరము నవంబరులో మహాదేవభాయి కొలువులో చేరెను. భార్యాభర్తలిరువురును చంపారణ్యమునకు వెళ్లిరి. అక్కడ నీలిమందు రైతుల బిడ్డలకై పెట్టిన పాఠశాలలలో దుర్గాబెన్‌యును పనిచేసెను. నవంబరు 13వ తేదీనుండి మహాదేవభాయి దినచర్య వ్రాయ మొదలిడెను.

నిత్యకృత్యము

ఆశ్రమమున తెల్లవారుజామున నాలుగు గంటలకే ప్రార్థన. అప్పటినుండి కార్యదర్శి పని యారంభమగును. దేశము నలుమూలలనుండి వచ్చు జాబులను విప్పి చదువుట, వేటికి మహాత్ముడు స్వహస్తముతో బదులు వ్రాయవలెనో, వేటికి తాను వ్రాసిన చాలునో వేరుపరచుట మొదటి పని. ఆ జాబులలో వైస్రాయి వ్రాసినదియు నుండును, కుమారునితో తగవుపడిన తండ్రి వ్రాసినదియు నుండును, అజీర్ణమునకు మందడిగినదియు నుండును. అన్నింటికిని సమాధానము పోవలసినదే. పిదప దర్శనార్థులు. వారితో మహాత్ముడు మాటలాడుచుండగా ప్రక్కన కూర్చుండి ప్రతి మాటను వ్రాసికొనవలెను. ఆపైన వారపత్రికకు వ్యాసములు, అనువాదములు, అచ్చుతప్పులు దిద్దుట. ఈ నడుమ రాట్నము వడకుటయు ఆశ్రమనియమమే.

ప్రయాణములు మూడవతరగతి రైలుపెట్టెలోనే. ప్రతి స్టేషనులోను జయజయధ్వానములు చేయు జనసమూహము, కిక్కిరిసిన పెట్టె, కుదుపు. ఆ కుదుపులోనే అతడు వ్రాయుచుండెను. షార్టుహ్యాండు అతనికి రాదు. మామూలు వ్రాతయే, కాని చేయి చురుకు, అక్షరము ముత్యము. అతని వేగమునకు మూలము చేతిలో లేదు. మహాత్ముడు ఏ ప్రశ్నకు ఏ దారిని పోవునో అతనికి తెలియును గనుక, వినునప్పుడే యర్థమగును, అర్థమైనది నిలుచును. విఘ్నేశ్వరునకు వ్యాసుడు పెట్టిన నియమము ఇచట నెరవేరినది.

ఒక్క మెలకువను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. నాయకుని మనస్సు తెలిసిన లేఖకునకు ఒక ప్రమాదము పొంచియుండును. నాయకుడు అనని మాటను, అతడు అనదగినదే గదాయని, తానే చేర్చివేయుట సులభము. మొదట ఒక పదము, పిదప ఒక వాక్యము, తుదకు ఒక యాజ్ఞ. చరిత్రలో నెందరో కొలువుకాండ్రు ఈ దారినే ప్రభువులైరి. మహాదేవభాయి వ్రాసినదానిని మహాత్ముడు చూచి దిద్దుటయు, తన వ్యాసమునకు తన పేరును, మహాత్ముని వ్యాసమునకు ఆయన పేరును విడివిడిగా నుండుటయు వారి పద్ధతి. ఎవరి మాట ఎవరిదో చదువరికి తెలియవలెను. లెక్క వ్రాయువాడు ఒకరి పద్దును మరియొకరి పేర వేయరాదను నియమము వంటిదే యిది.

చేతివ్రాత పత్రిక

అతడు వ్రాయసకాడు మాత్రమే యనుకొనువారు 1921వ సంవత్సరపు సంగతి తెలిసికొనవలెను. మోతీలాల్ నెహ్రూ అలహాబాదునుండి నడపుచుండిన 'ఇండిపెండెంట్' పత్రికకు సహాయమై మహాత్ముడు మహాదేవభాయిని పంపెను. సహాయనిరాకరణోద్యమము తీవ్రముగా సాగుచుండిన దినములవి. సంపాదకుడు జార్జి జోసెఫు నిర్బంధింపబడగా ఆ భారము మహాదేవభాయిపై పడెను. ప్రభుత్వము అచ్చుయంత్రమును స్వాధీనము చేసికొనగా, అతడు పత్రికను చేతితో వ్రాసి ప్రతులు తీయించి వెలువరించెను. అచ్చుకూటమును జప్తు చేయవచ్చును గాని చేతిని జప్తు చేయుటెట్లు? చేతితోపాటు మనిషినే పట్టుకొనవలసివచ్చెను. ఆ డిసెంబరులో అతనికి ఒక సంవత్సరము కఠినశిక్ష పడెను. నైనీ చెరసాలలో మొదట సామాన్య నేరస్థులతోపాటు అతనిని ఉంచిరి.

అనువాదకుడు

మహాత్ముని ఆత్మకథ గుజరాతీలో 1925 చివరనుండి 1929 మొదటివరకు వారము వారము 'నవజీవన్' పత్రికలో వెలువడెను. దానిని వెంటవెంట ఆంగ్లములోనికి తెచ్చి 'యంగ్ ఇండియా'లో ప్రకటించినవాడు మహాదేవభాయి. ప్రపంచమున గాంధీజీ ఆత్మకథను ఆంగ్లమున చదివినవారందరును ఈతని వాక్యములనే చదివిరి. చదువునప్పుడు గాంధీజీ కంఠమే వినబడును. అనువాదకుడు నడుమ నిలిచినట్లు తోచదు.

ఆ గ్రంథమునకు పీఠిక వ్రాయునప్పుడు, కడపటి భాగములోని కొన్ని ప్రకరణములను తాను బార్డోలిలో నుండిన కాలమున ప్యారేలాల్ అనువదించెనని అతడు స్పష్టముగా ప్రకటించెను. తన భాషను దిద్దిన పూజ్యమిత్రు డొకరున్నారనియు, తమ పేరు చెప్పుటకు వారంగీకరింపలేదనియు వ్రాసెను. ఆ మిత్రుడు శ్రీనివాసశాస్త్రియని తరువాత లోకమునకు తెలిసినది. పేరు కోరని లేఖకునకు పేరు కోరని సవరణకర్త దొరకుట విశేషము.

బార్డోలి లెక్కలు

పల్లెవాసులకు మిక్కిలి ప్రియమగు ఘట్టము బార్డోలి. సూరతు జిల్లాలోని ఆ తాలూకాలో రీసెటిల్మెంటు పేర బొంబాయి ప్రభుత్వము భూమిశిస్తును నూటికి 22 వంతున పెంచెను. రైతులు 1928 ఫిబ్రవరిలో వల్లభభాయి పటేలు నాయకత్వమున శిస్తు నిరాకరించిరి. జప్తులు జరిగెను, పశువులను తోలుకొనిపోయిరి, భూములు వేలము వేసిరి. రైతులు చలింపలేదు. ఆగస్టులో ప్రభుత్వము విచారణకు ఒప్పుకొనెను.

బ్రూమ్‌ఫీల్డు, మాక్స్‌వెల్ అను ఇరువురధికారులు గ్రామగ్రామము తిరిగి విచారణ జరిపిరి. వారియెదుట రైతుల పక్షమును వినిపించినవారిలో మహాదేవభాయియు, నరహరి పరీఖును ఉండిరి. ఒకప్పుడు సహకార సంఘముల చిట్టాలు తనిఖీ చేసిన యనుభవము ఇప్పుడు అక్కరకు వచ్చినది. శిస్తు పెంపునకు ఆధారముగా చూపిన కౌలు లెక్కలు నమ్మదగినవి కావని విచారణలో తేలెను. నూటికి 22 వంతుల పెంపు తగ్గి సుమారు 6 వంతులకు వచ్చెను. ఆవేశముతో మొదలైన పోరాటము అంకెలతో గెలువబడినది. ఆ చరిత్రను మహాదేవభాయి గ్రంథముగా రచించెను. అంతకుముందు 1918లో జరిగిన అహమ్మదాబాదు మిల్లు కార్మికుల సమ్మెను గూర్చియు అతడొక గ్రంథము వ్రాసి యుండెను. చూచినదానిని చూచినట్లు వ్రాయుటచే ఆ రెండును నేటికిని చరిత్రకారులకు ఆధారములు.

సముద్రము దాటియు, చెరసాలలోను

1931లో రెండవ రౌండు టేబిలు సమావేశమునకు మహాత్ముడు లండను వెళ్లినపుడు మహాదేవభాయి వెంట నుండెను. లండనులో పేదలు వసించు తూర్పుభాగమున, కింగ్స్‌లీ హాలున బస. పగలెల్ల సమావేశములు, రాత్రియెల్ల వ్రాత. తిరుగుదారిలో స్విట్జర్లండులో రోమా రోలా అను ఫ్రెంచి మహారచయితను మహాత్ముడు కలిసికొనెను.

స్వదేశమునకు వచ్చిన వెంటనే 1932లో అందరును చెరసాల పాలైరి. ఎరవాడ చెరలో మహాత్ముడు, వల్లభభాయి, మహాదేవభాయి ఒక్కచోట నుండిరి. ఆ దినచర్యలో వల్లభభాయి చిత్రము మనోహరముగా నున్నది. బార్డోలి సర్దారు అచట పాతకాగితములను మడిచి జాబులకు కవర్లు తయారు చేయుచు, ఏబదియారవయేట సంస్కృతము నేర్వ మొదలిడెను. ఆ సెప్టెంబరులో హరిజన నియోజకవర్గముల విషయమై మహాత్ముడు నిరాహారదీక్ష పూనెను. దేశమంతయు ఊపిరి బిగబట్టిన యా దినములను ప్రక్కనుండి చూచి వ్రాసిన లేఖకుడు మహాదేవభాయి. తరువాత బెల్గాము చెరలో నుండగా, మహాత్ముడు గుజరాతీలో వ్రాసిన గీతానువాదమును ఆంగ్లీకరించి, దానికి తాను సుదీర్ఘమైన ఉపోద్ఘాతమును చేర్చెను. ఆ గ్రంథము 1946లో, అతడు గతించిన పిమ్మట వెలువడినది.

మండుటెండలో నడక

1936లో మహాత్ముడు వార్ధా పట్టణమును విడిచి సేగాం అను పల్లెలో నివాసమేర్పరచుకొనెను. అదియే పిమ్మట సేవాగ్రామమైనది. మహాదేవభాయి కుటుంబము వార్ధాలోని మగన్‌వాడిలోనే యుండెను. ఆ రెంటికిని నడుమ అయిదు మైళ్ల పైచిలుకు. జాబులు తీసికొని ఉదయమున నడచిపోవుట, పని ముగించి నడచివచ్చుట నిత్యకృత్యమయ్యెను. ఒక్కొక్కనాడు రెండుమారులును పోవలసి వచ్చెడిది. వార్ధా ఎండ మన రాయలసీమ ఎండకు తీసిపోదు. ఈ శ్రమ కొన్ని సంవత్సరములు సాగిన పిమ్మట రక్తపుపోటు పెరిగి 1938లో అతని యారోగ్యము చెడెను.

పూరీ సంఘటనము

ఆ 1938వ సంవత్సరముననే, మార్చి నెలాఖరున, ఒరిస్సాలోని దేలాంగు గ్రామమున గాంధీసేవాసంఘపు సభలు జరిగెను. పూరీక్షేత్రము అచటికి దగ్గర. కస్తూరిబాయు, దుర్గాబెన్‌యును జగన్నాథస్వామి దర్శనమునకై వెళ్లి ఆలయములో ప్రవేశించిరి. ఆనాడు ఆ యాలయములో హరిజనులకు ప్రవేశము లేదు. హరిజనులు పోరాని కోవెలకు తమవారును పోరాదని మహాత్ముని నియమము. ఈ వార్త విని ఆయన మిక్కిలి క్షోభపడెను. ఆ స్త్రీలకు నచ్చజెప్పవలసిన బాధ్యత మహాదేవభాయిదనియు, అతడు దానిని నెరవేర్పలేదనియు తీవ్రముగా మందలించెను.

మహాదేవభాయికి ఇది గొడ్డలిపెట్టు. భార్య భక్తితో స్వామిని చూడగోరినపుడు ఆమె యిష్టమును కాదని నిర్బంధించుట ధర్మమా? నాయకుని వ్రతమునకు భంగము కానిచ్చుట ధర్మమా? ఏండ్లకు ముందు మోర్లే గ్రంథమున అనువదించిన ప్రశ్నయే ఇపుడు తన యింటిగడపలోనికి వచ్చి కూర్చున్నది. తాను ఈ కొలువునకు తగనని తలంచి, విడిచిపోవుదునని అతడు మహాత్మునకు జాబు వ్రాసెను. మహాత్ముడు దాని నంగీకరింపలేదు. ప్రేమతో చేసిన తప్పును సహింతునుగాని ఎడబాటును సహింపనని ఆయన భావము.

ఇంతతో ముగిసినచో ఇది యింటిగుట్టుగా నుండిపోయెడిది. కాని మహాదేవభాయి ఈ వృత్తాంతమునంతను 'హరిజన్' పత్రికలో తానే ప్రకటించెను. తన తప్పును, తాను పొందిన మందలింపును, తాను వ్రాసిన రాజీనామాను, అది త్రోసివేయబడుటను దేశమునకు తెలిపెను. తన లోపమును చెప్పుటయే కాదు. మహాత్ముని కాఠిన్యము తనను ఎట్లు గాయపరచెనో అదియును దాచలేదు. పరుల పద్దులను సరిగా వ్రాయువారు పలువురు కలరు. తన పేరిటి బాకీని తానే చిట్టా కెక్కించి నలుగురి ముందు చదివినవాడే నిజమైన లేఖకుడు.

ఈ సంఘటనములో ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అను విషయమున చదువరులకు భిన్నాభిప్రాయము లుండవచ్చును. కస్తూరిబాయొక్కయు దుర్గాబెన్‌యొక్కయు భక్తి దోషము కాదు. కోట్లకొలది జనులకు మూసిన తలుపులోనుండి తాము మాత్రము పోరాదను పట్టుదలయు దోషము కాదు. మహనీయుల సన్నిధి చల్లని పందిరియని దూరమునుండి చూచువారనుకొందురు. దగ్గరనుండువారికి అది కొలిమి. ఆ వేడిని ఓర్చుకొని, అడుగుటకు నోరును, వినుటకు మనస్సును పోగొట్టుకొనక ఇరువదియైదేండ్లు నిలుచుట సామాన్యము కాదు.

తుది వారము

1942 ఆగస్టు 8వ తేదీన బొంబాయిలో కాంగ్రెసు మహాసంఘము 'క్విట్ ఇండియా' తీర్మానమును ఆమోదించెను. మరునాటి తెల్లవారకముందే పోలీసులు వచ్చి మహాత్ముని, మహాదేవభాయిని, మీరాబెన్‌ను నిర్బంధించిరి. పూనాలోని ఆగాఖాను భవనమును చెరసాలగా మార్చి అందు వారి నుంచిరి. సరోజినీదేవియును అచటికే తేబడెను. కొలది దినములలో కస్తూరిబాయును, వైద్యురాలు సుశీలా నయ్యరును వచ్చి చేరిరి. మహాత్ముడు చెరలో మరల నిరాహారదీక్షకు పూనునేమోయను చింత మహాదేవభాయిని లోలోపల తినుచుండెను.

ఆగస్టు 15వ తేదీ ఉదయమున మహాదేవభాయి హఠాత్తుగా గుండెపోటుతో పడిపోయెను. మహాత్ముడు వచ్చి, మహాదేవ్, మహాదేవ్ అని పిలిచెను. ఒక్కమారు కన్నువిప్పి తనవైపు చూచినచో లేచి నిలుచునని ఆయన నమ్మకము; ఎన్నడును తన మాట జవదాటనివాడు గదా. ఆ పిలుపునకు మాత్రము బదులు రాలేదు. అప్పటికి అతనికి ఏబదియేండ్లు. మహాత్ముడు డెబ్బదిరెండేండ్ల వృద్ధుడు. ఆ వృద్ధుడే తన చేతులతో శవమునకు స్నానము చేయించెను. భవనపు ఆవరణములోనే దహనము జరిగెను. నాటినుండి మహాత్ముడు ప్రతిదినము ఆ స్థలమునకు పోయి పూలు పెట్టుచుండెను. 1944 ఫిబ్రవరి 22వ తేదీన కస్తూరిబాయును ఆ చెరలోనే గతింపగా, ఆమె సమాధియు ప్రక్కనే వెలసెను.

అతడు మరణించిన దినమునకు సరిగా అయిదేండ్లకు, 1947 ఆగస్టు 15వ తేదీన, దేశము స్వతంత్రమయ్యెను. ప్రతియేట ఆ దినమున జెండా ఎగురవేయువారిలో ఆ తేదీకి ఈ సంబంధమును గూడ ఎరిగినవారు కొలదిమంది.

మిగిల్చిన ధనము

మహాదేవభాయి మిగిల్చినది దినచర్య. నరహరి పరీఖు స్నేహధర్మమును పాటించి దానిని సంపుటములుగా ప్రకటింప మొదలిడెను. ఆ దినచర్యకు 1955లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. గుజరాతీ భాషకు ఆ సంస్థ యిచ్చిన తొలి పురస్కారమదియే. పదిమంది చదువుటకై తీర్చి దిద్దిన కావ్యము కాదది; ఏనాటి మాట ఆనాడు వ్రాసిపెట్టిన చిట్టా. నూరు సంపుటములుగా వెలువడిన మహాత్ముని సమగ్ర రచనలకు అది యొక ముఖ్యాధారము.

ఆ దినచర్యలో తన కష్టసుఖములను గూర్చి అతడు వ్రాసికొన్నది బహుస్వల్పము. ఆ కొరతను కుమారుడు తీర్చెను. 1924లో జన్మించిన నారాయణ దేశాయి తండ్రి జీవితచరిత్రను గుజరాతీలో రచించి 1993లో అదే పురస్కారమును పొందెను, 2015లో దివంగతుడయ్యెను. మహాత్ముని లేఖకుడు తనను గూర్చి వ్రాసికొనని సంగతులు లోకమునకు పెక్కు ఆ పుస్తకమువలననే తెలిసినవి.

ఇట్టి జీవితమును చూచినపుడు ఒక ప్రశ్న పుట్టక మానదు. కవిత్వము, కథ, విమర్శ అన్నింటను ప్రజ్ఞగల మనిషి తన ప్రజ్ఞనంతను మరియొకరి మాటకు ధారపోసి ఏబదియవయేట రాలిపోవుట లాభమా, నష్టమా? గుజరాతీ సారస్వతము ఒక గొప్ప స్వతంత్ర రచయితను కోల్పోయినమాట నిజము. దుర్గాబెన్ ముప్పదియేడేండ్ల దాంపత్యములో భర్తతో నిశ్చింతగా గడపిన దినములు కొలదియే యనుమాటయు నిజము. ఖర్చు వైపున వీనిని తప్పక వ్రాయవలెను. జమ వైపున ఏమున్నది? ఒక మహాపురుషుని పాతికేండ్ల వాక్కు కల్తీ లేకుండ మనకు దక్కినది. అతని యూహ చేర్చక, అతని స్వార్థము కలుపక, భయముతో తగ్గింపక, భక్తితో పెంచక దక్కినది. ఈ రెండు పద్దులను చూచి బాకీ తేల్చుకొనుట చదువరుల పని.

రాయసము కొండమరుసయ్య చేతికి దుర్గము వచ్చినది. మహాదేవభాయి చేతికి కలమే మిగిలినది. ఆ కలము వ్రాసినవి నేడు దేశమందలి గ్రంథాలయముల బీరువాలలో నున్నవి. పల్లెలలో పెద్దలు గతించునపుడు వారి మాటలు, చెరువుల కథలు, తగవుల తీర్పులు, కరవుల జ్ఞాపకములు వారితోనే పోవుచున్నవి, వ్రాసిపెట్టువారు లేరు. ప్రతి గ్రంథాలయమును పుస్తకములు చదువుటకు చోటైనట్లే, తన యూరి సంగతులను తేదీలతో, పేళ్లతో, ఉన్నది ఉన్నట్లు వ్రాసి భద్రపరచు చోటుగా గూడ కావలెను. అందుకు పెద్ద పాండిత్యము అక్కరలేదు. వినుటకు ఓపికయు, వ్రాయుటకు నిజాయితీయు, ఒక పుస్తకమును చాలును.